మోచేతి నొప్పికి వైద్యం బాగుంది, యాజమాన్యానికిచ్చే లేఖే బాగాలేదు

రోజంతా స్క్రూడ్రైవర్ తిప్పే పని నాది. కుడి మోచేయి బయటివైపు మొదలైన నొప్పి, నీళ్ల గ్లాసు ఎత్తినా చురుక్కుమనే దాకా ముదిరాక, ఒక వృత్తి ఆరోగ్య వైద్య కేంద్రానికి వెళ్లాను. మూడు నెలల చికిత్స ముగిసింది కనుక ఇప్పుడు అభిప్రాయం రాస్తున్నాను.

చేయి చూడకముందే వైద్యురాలు నా పని గురించి అడిగారు: గంటకు ఎన్ని మరలు బిగిస్తాను, పనిముట్టు పిడి ఎంత లావు, బిగించేటప్పుడు మణికట్టు ఎటు వంగుతుంది. తరువాత పిడికిలి బిగించి మణికట్టును పైకెత్తమని చెప్పి, తాను పైనుంచి అదిమి పట్టారు. నొప్పి సరిగ్గా ఎముక మొన దగ్గరే పలికింది. చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కుతున్నాయా అనీ అడిగారు, ఎందుకంటే అలా ఉంటే మోచేయి లోపలివైపు అల్నార్ నరం నొక్కుకుపోతోందేమో చూడాలి, దాని చికిత్స వేరు. ఇది టెన్నిస్ ఎల్బో అని తేలిపోయినందున స్కానింగ్ అవసరం లేదన్నారు. టెన్నిస్ రాకెట్టు నేనెప్పుడూ పట్టుకోలేదు. ఈ జబ్బుతో వచ్చేవారిలో ఎక్కువమంది అంతేనట.

నిజానికి నేను వెళ్లింది ఇంజెక్షన్ కోసం. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో మొదటి కొన్ని వారాలు హాయిగా ఉంటుందనీ, అయితే 2006లో బీఎంజే, 2013లో జామా అనే వైద్య పత్రికల్లో వెలువడిన పరిశోధనల్లో, ఏడాది తిరిగేసరికి అది తీసుకున్నవారే తీసుకోనివారికంటే వెనకబడ్డారనీ, నొప్పి తిరగబెట్టడమూ వారిలోనే ఎక్కువనీ ఆమె ఓపికగా వివరించారు. ఈ నొప్పికి మూలం వాపు కంటే టెండన్ (కండను ఎముకకు కలిపే తాడులాంటి భాగం) అరుగుదలే కనుక, వాపు తగ్గించే మందు మీద అంత ఆశ పెట్టుకోలేమన్నారు.

ఫిజియోథెరపిస్ట్ నేర్పిన వ్యాయామం చూడడానికి చాలా చిన్నది. ముంజేతిని బల్ల మీద ఆనించి, చిన్న డంబెల్ పట్టుకున్న కుడి మణికట్టును ఎడమ చేతి సాయంతో పైకెత్తి, సాయం తీసేసి, మెల్లగా కిందికి దించాలి. మొదటి మూడు వారాలు ఏ మార్పూ కనిపించక విసుగొచ్చింది. ఏడో వారానికి గ్లాసు ఎత్తగలిగాను. మోచేతికి కట్టుకునే పట్టీని నేను ఇన్నాళ్లూ నొప్పి ఉన్న ఎముక మీదే బిగించుకునేవాణ్ణి. అది మొనకు రెండు వేళ్ల కిందుగా, కండ మీద ఉండాలని వారు చూపించారు. చాలామందికి ఈ నొప్పి ఏడాదిలోపు దానంతటదే తగ్గుతుంది కాబట్టి, ఘనతంతా కేంద్రానికే కట్టబెట్టలేను.

లోపమల్లా లేఖ దగ్గరే వచ్చింది. యాజమాన్యానికి ఇమ్మని ఇచ్చిన మొదటి లేఖలో "తేలికపాటి పని ఇవ్వగలరు" అని మాత్రమే ఉంది. ఏది తేలికో ఎవరు నిర్ణయించాలి? మా సూపర్‌వైజర్ నన్ను అవే మరలు బిగించే మరో బల్ల దగ్గరికి మార్చారు. పని గురించి అంత లోతుగా అడిగి తెలుసుకున్నవారు ఆ వివరాల్లో ఒక్కటీ కాగితం మీద పెట్టకపోవడం నాకు అర్థం కాలేదు. సవరించిన లేఖకు రెండు వారాలు తిరగాల్సి వచ్చింది. ఎత్తవలసిన బరువుకు పరిమితి, ఏకబిగిన మరలు బిగించే సమయానికి పరిమితి, లావు పిడి ఉన్న పనిముట్టు అని అందులో విడివిడిగా రాశాకే నా బల్ల మీదికి కొత్త స్క్రూడ్రైవర్ వచ్చింది.