నాలుగేళ్ల వాడకం తర్వాత: రేసింగ్ ఆటలకి స్టీరింగా, కంట్రోలరా?

నాలుగేళ్ల కిందట విశాఖలో ఒకరి దగ్గర వీడియో గేముకి తగిలించే సెకండ్ హ్యాండ్ స్టీరింగ్ సెట్టు (చక్రం, కాలి పెడల్స్) కొని, గోనెసంచిలో మూటకట్టి రాయగడ రైలెక్కాను. పార్వతీపురం దాటాక ఎదురు సీటాయన సంచిలోకి తొంగిచూసి, "ఏ బండిది బాబూ, ఇప్పుకొచ్చేసినావు?" అన్నాడు. వీడియో గేముకి అంటే నమ్మలేదు. 14 వేలు పెట్టానన్న మాట మాత్రం బయటపెట్టలేదు.

అప్పటిదాకా నేను ఆడిందంతా కంట్రోలర్, అంటే రెండు చేతుల్లో పట్టుకుని వేళ్లతో నొక్కే రిమోట్ లాంటి దాని మీదే. ఇప్పుడు రెండూ ఉన్నాయి, రెండూ వాడుతున్నాను. కొనాలా వద్దా అని అడిగేవాళ్లని నేను ముందు అడిగేది ఇదే: మీ ఇంట్లో రోజూ ఖాళీ చెయ్యక్కర్లేని బల్ల, వెనక్కి జారని కుర్చీ ఉన్నాయా?

వేళాకోళం కాదు. మాది రెండు గదుల అద్దె ఇల్లు. మొదటిరోజు చక్రాల కుర్చీలో కూర్చుని బ్రేకు గట్టిగా తొక్కితే కారు ఆగలేదు, నేనే వెనక్కి వెళ్లి బీరువాకి కొట్టుకున్నాను. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే అదీ టైల్స్ మీద జారింది. పెడల్స్‌ని గోడకి ఆనించి, కుర్చీ ముందుకాళ్లని బల్లకాళ్లకి తాడుతో కట్టాక గానీ ఆట మొదలవలేదు. బిగించడానికి పావుగంట, విప్పడానికి పది నిమిషాలు. ఏడున్నరకి ఇల్లు చేరి తొమ్మిదికి భోజనానికి కూర్చునేవాడికి ఆ పావుగంట చాలా ఎక్కువ. వారంలో నాలుగైదు రోజులు నా చేతిలో కంట్రోలరే ఉంటుంది.

కంట్రోలర్ అంటే పిల్లల వస్తువన్నట్టు మాట్లాడేవాళ్లతో నాకు పేచీ ఉంది. బొటనవేలి కింద స్టిక్ కదిలేది చాలా కొంచెం. ఆ కొంచెంలోనే మొత్తం స్టీరింగ్ ఇమడాలి కాబట్టి ఆట లోపల సర్దుబాటు చేస్తుంది. కారు వేగం పెరిగేకొద్దీ స్టిక్ ఎంత వంచినా చక్రాలు తక్కువే తిరుగుతాయి. అసెట్టో కోర్సా అనే రేసింగ్ ఆటలో ఈ సర్దుబాట్లని మనమే మార్చుకోవచ్చు. ఫోర్జా హొరైజన్ 5 అనే ఆటలో అయితే ఆ పని ఎంత బాగా చేశారంటే, అక్కడ స్టీరింగ్ బిగించడమే దండగ. మా పక్కింటి ఒడియా కుర్రాడు ఇంటర్ చదువుతున్నాడు. వాడు కంట్రోలర్, నేను స్టీరింగ్, ఇద్దరికీ ఒకే కారు. ఇప్పటికీ ఆ ఆటలో వాణ్ణి గెలవలేదు. ఎడమ నుంచి కుడికి స్టిక్ రెప్పపాటులో పోతుంది, నేను రెండు చేతులతో చక్రం తిప్పేలోగా వాడు మలుపు దాటేసి "భాయీ, కువాడే గల?" (అన్నా, ఎటు పోయావు?) అని నవ్వుతాడు. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్‌తో గ్రాన్ టురిస్మో 7 అనే రేసింగ్ ఆట ఆడితే బ్రేకు ట్రిగ్గర్ (చూపుడువేలితో నొక్కే మీట) వేలికి ఎదురు తిరుగుతుంది, ఏబీఎస్ పనిచేసినప్పుడు టకటకా కొట్టుకుంటుంది. విజయనగరంలో స్నేహితుడి ఇంట్లో అది చూసి కాసేపు అసూయపడ్డాను.

మరి స్టీరింగ్ ఎందుకు? అసెట్టో కోర్సా కాంపెటిజియోనే లాంటి సిమ్యులేషన్ ఆటలో, అంటే కారు నిజం కారులాగే నడిచే ఆటలో, అది కారు సంగతి ముందే చెబుతుంది. ముందు టైర్లకి పట్టు ఉన్నంతసేపూ చక్రం నడిమికి రావాలని లాగుతుంటుంది. పట్టు పూర్తిగా పోవడానికి కాస్త ముందే ఆ లాగుడు తగ్గి చేతిలో తేలికవుతుంది. స్క్రీన్‌లో కారు పక్కకి పోవడం కనిపించేసరికి ఆలస్యమే, చేతికి మాత్రం ముందే తెలుస్తుంది. స్టిక్‌కి ఈ భాష రాదు, వణకడం ఒక్కటే వచ్చు.

కానీ నా టైము తగ్గించింది చక్రం కన్నా బ్రేకు పెడల్. ఇటలీలోని మోంజా సర్క్యూట్‌లో జీటీ3 రకం రేసు కారుతో కంట్రోలర్ మీద నా మంచి ల్యాప్ (ఒక చుట్టు) 1:51, అంటే నిమిషం 51 సెకన్లు. స్టీరింగ్ వచ్చిన మొదటి రెండు వారాలు 1:54 దాటి దిగలేదు, అమ్మేద్దామనుకున్నాను కూడా. నాలుగు నెలలకి 1:49లోకి వచ్చాను. మొదటి చికేన్ (వెంటవెంటనే అటూ ఇటూ తిరిగే మలుపుల జంట) దగ్గర గట్టిగా తొక్కి, మలుపులోకి దిగుతూ కొంచెం కొంచెం వదలాలి. వేలితో ట్రిగ్గర్ మీద ఇది నాకు ఎన్నడూ కుదరలేదు. కాలికి గుర్తుండేది ఎంత దూరం తొక్కామన్నది కాదు, ఎంత బలంతో తొక్కామన్నది. అందుకే ఖరీదైన పెడల్స్‌లో దూరం కాకుండా బలాన్ని కొలిచే లోడ్ సెల్ పెడతారు. డబ్బు మిగిలితే చక్రం మీద కన్నా అలాంటి పెడల్స్ మీద పెట్టమంటాను. నా చక్రం మోటారు గేర్ల ద్వారా తిప్పే రకం, దాని తిప్పుడు బలం రెండు న్యూటన్ మీటర్ల దగ్గర. చక్రాన్ని నేరుగా మోటారుకే బిగించే డైరెక్ట్ డ్రైవ్‌లో ఫ్యానటెక్ కంపెనీ సీఎస్‌ఎల్ డీడీ అనే మోడల్‌ది 5 న్యూటన్ మీటర్లు, విడిగా కొనే బూస్ట్ కిట్‌తో 8. మా బల్ల దానికి తట్టుకోదు.

మా మావయ్యది సాలూరు, లారీ నడుపుతాడు. సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్ వైపు ఎన్నిసార్లు వెళ్లాడో ఆయనకే లెక్కలేదు. పోయిన సంక్రాంతికి వస్తే యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే లారీ నడిపే ఆట పెట్టి ముందు కంట్రోలర్ ఇచ్చాను. రెండు నిమిషాల్లో డివైడర్ ఎక్కించేశాడు. స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాక, 900 డిగ్రీలు, అంటే రెండున్నర చుట్లు తిరిగే చక్రం కాబట్టి, నేను పది ప్రయత్నాలు చేసే ట్రైలర్ రివర్స్‌ని మొదటిసారికే దూర్చేశాడు. అయినా మెచ్చుకోలేదు. "బండి ఊగితే నడుముకి తెలాల కదరా, ఇదేటి, చేతులకే తెలుస్తంది" అన్నాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఇక బాధలు. రెండో ఏడాది దుమ్ము పట్టి బ్రేకు తనంతట తానే పడుతూ వదులుతూ ఉండేది. పెడల్ విప్పి కాంటాక్ట్ క్లీనర్ కొడితే కుదురుకుంది, ఏడాదికోసారి ఈ పూజ తప్పదు. రాత్రి గేర్ల చప్పుడికి కింది వాటా ఆవిడ ఈ వేళప్పుడు మిక్సీ ఏమిటని అడిగింది. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఆట నడుస్తూనే ఉంటుంది, స్టీరింగ్ ప్రాణం పోతుంది. కరెంటు వచ్చాక ఆ చివర నుంచి ఈ చివరకి తనే గిర్రున తిరుగుతుంది. పిల్లలున్న ఇంట్లో అప్పుడు వేళ్లు జాగ్రత్త. కంట్రోలర్ కూడా అమరం కాదు, స్టిక్ అరిగి కారు ఎడమకి లాగుతుంటే ఈ నాలుగేళ్లలో ఒకటి మార్చాను.

ఫోర్జా లాంటివే ఆడేవాళ్లు, మంచం మీద కూర్చుని ఆడేవాళ్లు స్టీరింగ్ జోలికి పోవద్దు. ఒకే సర్క్యూట్‌లో ఒకే కారుతో రోజుల తరబడి అర సెకను కోసం తిరిగే పిచ్చి ఉంటే కొనండి, సెకండ్ హ్యాండే కొనండి, కొనేముందు పెడల్స్ తొక్కి చూడండి. మావయ్య దసరాకి మళ్లీ వస్తానన్నాడు. ఈలోగా కుర్చీకి కొత్త తాడు చూడాలి, పాతది బాగా పీచులు లేచిపోయింది.