క్రూసేడర్ మార్క్ 3 కిట్ కొంటున్నారా? కాస్త ఆగండి

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, అచ్చుతప్పులుంటే ఏమీ అనుకోకండి.

పాత ట్యాంకు మోడల్ కిట్లు అమ్మే ఆయనెవరో మీకు చెప్పక్కర్లేదు, మనలో సగం మంది ఆయన దగ్గర కొన్నవాళ్లమే. రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ ట్యాంకు క్రూసేడర్ మార్క్ 3, అసలు సైజులో 35వ వంతు (1/35) కిట్ ఉందన్నాడు. 4,200 వేసేశాను. శనివారం పార్సెల్ వచ్చింది.

పెట్టె మార్క్ 3దే. లోపల గన్ బారెల్ అగ్గిపుల్లంత సన్నగా ఉంది. డ్రైవర్ పక్కన మెషిన్ గన్‌కి ఉండే చిన్న టరెట్ (తిరిగే గన్ గూడు) కూడా ఉంది. మార్క్ 3కి అది ఉండదు. అంటే సరుకు మార్క్ 1ది. చక్రాల చుట్టూ ఉండే పట్టీ, అదే ట్రాక్, ఒకటి చేత్తో వంచి చూద్దునా, పుటుక్కున విరిగింది.

ఫోన్ చేస్తే ఆయనన్న మాట ఇది: "అదీ క్రూసేడరే కదన్నా. రెండిటికీ అయిదు చక్రాలే. అద్దాల బీరువాలో పెట్టాక ఎవరు చూస్తారు?"

నేను చూస్తాను. మార్క్ 1లో ఉన్నది 2 పౌండర్, 40 మి.మీ. గన్. దానికి పేలుడు గుండ్లు ఇవ్వలేదు. ఎడారిలో దూరంగా నక్కిన జర్మన్ ఫిరంగుల మీద అది పెద్దగా పనిచేయక ఎంతమంది కాలిపోయారో! మార్క్ 3కి 6 పౌండర్, 57 మి.మీ. గన్ పెట్టారు. అది పట్టాలంటే టరెట్‌లో చోటు చాలలేదు, మనుషుల్ని తగ్గించారు. మొత్తం ముగ్గురే. కమాండరే గుండు కూడా నింపుకోవాలి. 1942లో ఈజిప్టులోని ఎల్ అలమీన్‌లో పోరాడిన అలాంటి ముగ్గురిని చేద్దామని ఆర్నెల్లుగా బొమ్మలకు రంగులు వేస్తున్నాను. కమాండర్ చేతిలో గుండు కూడా నేనే చెక్కి అతికించాను. వాళ్లిప్పుడు బల్ల మీద ట్యాంకు లేకుండా నిలబడి ఉన్నారు.

వెనక్కి తీసుకోమంటే, "పెట్టె విప్పేశారు కదా, ఇక నాకు సంబంధం లేదు" అన్నాడు. మళ్లీ చేస్తే బ్లాక్.

నా తప్పూ ఉంది. ఫొటో అడిగితే మూత ఫొటో ఒక్కటే పంపాడు. అక్కడే ఆగాల్సింది. ఇంకొకరు అడుగుతున్నారు అనేసరికి చేజారిపోతుందని టెన్షన్‌పడ్డాను.

డబ్బు వేసే ముందు టరెట్, గన్ ఉన్న స్ప్రూ (విడిభాగాలు అతుక్కుని ఉండే చట్రం) ఫొటో అడగండి. పార్సెల్ విప్పుతూ వీడియో తీయండి. ఆయన దగ్గర క్రామ్‌వెల్ అనే ఇంకో బ్రిటిష్ ట్యాంకు కిట్ కూడా ఒకటి ఉందట. ఎవరైనా బేరమాడుతుంటే, దయచేసి ఈ రాత్రికి డబ్బు వేయకండి.