గడగడ శబ్దం: లింకా, స్ట్రట్ మౌంటా?
పర్లాకిమిడి, గుణుపురం రోడ్ల మీద తిరిగే ఎలక్ట్రిక్ కార్లో ముందు చక్రం దగ్గర గడగడమంటే వెంటనే షాక్ అబ్జార్బర్లు మార్పించకండి. ఇంజిన్ చప్పుడు ఉండదు కదా, చిన్న లూజు కూడా పెద్దగా వినిపిస్తుంది.

నెమ్మదిగా పోతూ, ఒక పక్క చక్రమే గతుకులో పడినప్పుడు టకటకలాడితే మొదట స్టెబిలైజర్ లింకును, అంటే మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌ను చక్రం వైపు కలిపే చిన్న కడ్డీని, అనుమానించాలి. కారు నాలుగు చక్రాల మీద ఉండగానే లింకు పట్టుకుని ఊపి చూడండి, ఎందుకంటే ఒక పక్కే జాకీతో ఎత్తితే బార్ మెలిపడి లింకు బిగుసుకుంటుంది, లూజు బయటపడదు. స్ట్రట్ మౌంట్, అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన స్ట్రట్‌ను పైన బాడీకి పట్టి ఉంచే భాగం, అయితే కారు ఆగి ఉన్నా స్టీరింగ్ తిప్పగానే టక్కుమనొచ్చు.

లింకు చవక, పని కూడా తేలిక. మౌంట్ మార్చాలంటే స్ప్రింగును నొక్కిపట్టే పనిముట్టు, స్ప్రింగ్ కంప్రెసర్ కావాలి, తర్వాత చక్రాల అలైన్‌మెంట్ చూపించాలి. కంప్రెసర్ లేని షెడ్డులో మాత్రం అస్సలు చేయించకండి, నొక్కిపట్టిన స్ప్రింగ్ జారితే ప్రాణం మీదకొస్తుంది. నేనైతే లింకుల్లో లూజు కనిపిస్తే రెండు పక్కలా అవే ముందు మార్పిస్తాను.