హంపిలో ఎక్కడ దిగాలి? అన్ని వైపులా ఉండి చూశాక

మాది గుంతకల్లు. హొసపేట మాకు రైల్లో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఇంటికి వచ్చిన చుట్టాలను హంపి తిప్పి తీసుకురావడం పెళ్లికి ముందునుంచీ నా పనే. కాలేజీ రోజుల్లో స్నేహితురాళ్లతో వెళ్లాను. తర్వాత చంకలో పిల్లలతో, ఆ తర్వాత మోకాళ్ల నొప్పులున్న అత్తగారితో, మొన్నమొన్న అమెరికా నుంచి వచ్చిన మా మరిది కుటుంబంతో వెళ్లాను. వెళ్లిన మనుషులను బట్టి దిగిన చోటు మారుతూ వచ్చింది. హొసపేట లాడ్జీలు, కమలాపురం, విరూపాక్షుడి గుడి వెనక సందులు, తుంగభద్ర ఏటి అవతలి ఆనెగుంది అన్నింటిలోనూ ఒకటికి రెండుసార్లకు మించే ఉన్నాను. అందరూ ఫోను చేసి అడిగే ప్రశ్న ఒకటే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఊరి స్వరూపం తెలియాలి. హంపి అంటే ఒక గుడీ, దాని చుట్టూ నాలుగు వీధులూ అనుకుని వచ్చేవాళ్లు చాలామంది. శిథిలాలు 40 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉన్నాయి. విరూపాక్ష ఆలయం, బజారు ఒక మూల. ఏటి గట్టు వెంట తూర్పుగా రెండు కిలోమీటర్లు నడిస్తే విఠల ఆలయం. దక్షిణాన కమలాపురం వైపు మహానవమి దిబ్బ, హజారరామాలయం, లోటస్ మహల్, ఏనుగుల శాలలు ఉన్న రాజప్రాసాదాల ప్రాంతం. తుంగభద్ర అవతల ఆనెగుంది, అంజనాద్రి కొండ. హంపి బజారుకు 13 కిలోమీటర్ల దూరంలో రైల్వేస్టేషన్, పెద్ద బస్టాండు ఉన్న హొసపేట.

ఇక అసలు సంగతి ఎండ. ఇక్కడ ఎటు చూసినా రాయే. జనవరిలో కూడా పదకొండు దాటాక బండల మీద తిరగడం కష్టం. ఏప్రిల్‌లో అయితే తొమ్మిదిన్నరకే గుడి ప్రాకారంలో చెప్పులు విప్పిన కాళ్లు చురుక్కుమంటాయి. మనిషి హాయిగా తిరగగలిగేది రోజుకు పొద్దున ఓ మూడు గంటల సేపు, సాయంత్రం రెండున్నర గంటల సేపు. రెండు రోజుల ప్రయాణంలో చేతికి వచ్చే సమయం అంతే. బస ఎక్కడన్నది ఆ గంటలు మనకు దక్కుతాయా, దారిలో పోతాయా అన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. ఏసీ ఉందా, ఉదయం టిఫిను ఇస్తారా అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

అందుకే, నడవగలిగినవాళ్లు రెండు రాత్రులకు వస్తుంటే హంపి ఊళ్లోనే దిగమంటాను. గుడికీ ఏటికీ మధ్య ఉన్న సందుల్లో, జనతా ప్లాట్ అని పిలిచే చోట, ఇళ్లవాళ్లు నడిపే గదులున్నాయి. కింద వాళ్ల కాపురం, పైన నాలుగైదు గదులు, ఆ పైన రేకులో తాటాకులో కప్పిన మిద్దె, అదే భోజనశాల. మెట్లు ఇరుకు. కారు గుమ్మం దాకా రాదు, దూరాన వదిలి సామాను మోసుకుంటూ రావాలి. గది శుభ్రంగా ఉంటుంది కానీ చిన్నది. మంచం, దోమతెర, ఫ్యాను ఉంటాయి, కొన్నింట్లో ఏసీ కూడా. వేడినీళ్లు కొన్ని ఇళ్లలో పొద్దున మాత్రమే వస్తాయి. కరెంటు పోతుంటుంది. మాంసం, మద్యం ఊళ్లో నిషిద్ధం. పెద్ద సూట్‌కేసులతో వచ్చిన మా మరిది మొదటి పది నిమిషాలూ నాతో మాట్లాడలేదు.

మరి ఇందులో గొప్పేముంది అంటారా? తెల్లవారుజామున అయిదున్నరకు లేచి, టీ కూడా తాగకుండా, పది అడుగులు వేస్తే హేమకూటం కొండ. అక్కడి చిన్న చిన్న గుళ్లలో చాలా వరకు విజయనగరం పుట్టకముందువే. ఓపిక ఉన్నవాళ్లు మతంగ పర్వతం ఎక్కవచ్చు, కానీ చీకట్లో ఒంటరిగా వద్దు. ఈ కొండల్లో చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్నాయి. 15 కిలోమీటర్ల దూరంలోని దరోజిలో ఎలుగుబంట్ల అభయారణ్యమే ఉంది. కిందికి దిగి వచ్చేసరికి గుడి ఏనుగు లక్ష్మి స్నానానికి ఏటికి బయలుదేరుతూ ఉంటుంది. ఏరు ఉద్ధృతంగా లేని రోజుల్లో మెట్ల మీద కూర్చుని ఆ స్నానం చూడటానికి మా పిల్లలు ఎన్నిసార్లు వెళ్లినా విసుగు పడలేదు.

ఆ తర్వాతిది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఏటి గట్టు పట్టుకుని కోదండరామాలయం, పక్కకు తిరిగి అచ్యుతరాయ ఆలయం, ఆపైన రాజుగారి తులాభారం రాతి తోరణం చూసుకుంటూ నిదానంగా నడిస్తే, విఠల ఆలయం ద్వారం తెరిచే ఎనిమిదిన్నర ప్రాంతానికి అక్కడ ఉంటాం. కార్లలో వచ్చేవాళ్లు అటువైపు దూరాన బండి నిలిపి, బ్యాటరీ వాహనం కోసం వరుసలో నిలబడి, లోపలికి వచ్చేసరికి తొమ్మిదిన్నర, పది. యాభై రూపాయల కొత్త నోటు మీద ఉన్న ఆ రాతి రథం ముందు ఎవరి తలా అడ్డం లేకుండా నిలబడే అవకాశం మొదటి అరగంటలోనే. అక్కడ తీసుకున్న 40 రూపాయల టికెట్టు పారేయకండి. అదే రోజు లోటస్ మహల్ ఆవరణకూ, కమలాపురం మ్యూజియానికీ అదే చెల్లుతుంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు.

గదులు ఇంత చిన్నవిగా, ఇంత తక్కువగా ఎందుకున్నాయని మా వాళ్లు అడుగుతుంటారు. ఒకప్పుడు విరూపాక్షుడి రథవీధి పొడవునా, రాతి మంటపాల మధ్యనే కాపురాలు, హోటళ్లు, దుకాణాలు ఉండేవి. మొదట్లో వెళ్లినప్పుడు ఆ మంటపాల్లోనే దోసెలు తిన్నాం. 2011 జులైలో వాటిని ఖాళీ చేయించి పడగొట్టారు. 1986 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న స్థలం కాబట్టి కట్టడాలకు కొత్త అనుమతులు దొరకవు. ఉన్నవాళ్లు కూడా ఎప్పుడు లేవమంటారో అన్న బెంగతోనే ఉన్నారు. అలాంటప్పుడు లిఫ్టు పెట్టలేదేమని వాళ్లను నిలదీయడం నాకు సబబుగా తోచదు. ధర విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ఒక చోట ఫోనులో చెప్పిన ధర ఒకటి, తీరా దిగాక అడిగింది ఒకటి. పండుగ రోజులన్నారు. పక్క సందులోకి వెళ్లాం, మొదటి ధరకే దొరికింది.

గది ఒప్పుకునేముందు కిటికీకి ఇనుప జాలీ ఉందో లేదో చూడండి. కోతులు. అరటిపండ్లతో ఆగవు, ఆరేసిన తువ్వాళ్లు, మందుల సంచి, ఏది దొరికితే అది పట్టుకెళ్తాయి. మా అత్తగారి కళ్లజోడు ఒకటి ఇప్పటికీ హంపిలోనే ఉంది.

కమలాపురం సంగతి వేరు. హంపి బజారుకు నాలుగు కిలోమీటర్లే కానీ రోడ్డు ఉంది, కారు గుమ్మం దాకా వస్తుంది, మెట్లు ఎక్కక్కర్లేదు. పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు నేను ఇక్కడే దిగుతాను. కర్ణాటక పర్యాటక సంస్థ నడిపే మయూర భువనేశ్వరి హోటలు ఇక్కడే ఉంది. చెట్ల నీడ, కాస్త ఆవరణ, భోజనం అక్కడే దొరకడం పెద్దవాళ్లకు బాగా నచ్చే విషయాలు. డబ్బుకు వెనకాడనివాళ్లకు రాజమహలు ధోరణిలో కట్టిన ఖరీదైన విడిది కూడా ఇక్కడుంది. అందులో మేము టీ తాగి వచ్చాం, ఉండలేదు, కాబట్టి దాని గురించి చెప్పను. కమలాపురంలో ఉంటే రాజప్రాసాదాల ప్రాంతం పొద్దున్నే మన సొంతం. మహానవమి దిబ్బ దగ్గర నల్లరాతి మెట్ల కోనేరు లేత ఎండలో చూడాలి. 1980ల తవ్వకాల్లో బయటపడినది అది. మట్టి కింద దాగి ఉండటం వల్లేమో, రాళ్ల అంచులు నిన్న చెక్కినట్టుంటాయి. సాయంత్రం కంప్లి రోడ్డు మీద మాల్యవంత కొండకు కారు దాదాపు పైదాకా వెళ్తుంది. రఘునాథస్వామి గుడిలో ఆగకుండా సాగే రామాయణ పారాయణం వింటూ మా అత్తగారు కూర్చుంటే, మేము వెనక బండల మీదికి వెళ్లి సూర్యాస్తమయం చూసి వచ్చేవాళ్లం. హేమకూటం మీద ఉండే సందడి ఇక్కడ ఉండదు. లోపం ఒకటే, చీకటి పడ్డాక కమలాపురంలో చేసేది ఏమీ లేదు, సొంత బండి లేకపోతే కదల్లేం.

హొసపేట గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. రైలు వేళగాని వేళ దించుతుందా, పసిపిల్లలున్నారా, రాత్రి డాక్టరు అవసరం రావచ్చా, భోజనంలో మాంసం లేకపోతే కుదరదా? అయితే హొసపేట. లిఫ్టు, ఏసీ, మందుల దుకాణాలు అన్నీ ఉంటాయి. పొద్దునపూట ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ మన అనంతపురం, కర్నూలు రుచికి ఏమాత్రం తీసిపోవు. తెలుగులో మాట్లాడితే తెలుగులోనే జవాబిచ్చేవాళ్లు అడుగడుగునా దొరుకుతారు. హంపికి బస్సులు తరచుగా ఉన్నాయి. కొన్ని కమలాపురం మీదుగా, కొన్ని కడ్డిరాంపుర మీదుగా వెళ్తాయి, ఎక్కేముందు అడగండి. కానీ హొసపేటలో దిగి సూర్యోదయానికి హంపి చేరుకుంటామనే మాట రాత్రి భోజనాల దగ్గర బాగుంటుంది. పొద్దున అందరూ స్నానాలు చేసి, టిఫిను తిని, ఆటో మాట్లాడుకుని కదిలేసరికి తొమ్మిది. అంటే అరపూట పోయినట్టే. సాయంత్రం కూడా చివరి బస్సు గుబులుతో హేమకూటం దిగాల్సి వస్తుంది. ఒక్క పగలు మాత్రమే చూసి రాత్రి రైలు ఎక్కేవాళ్లకు అభ్యంతరం లేదు, గది సామాను పెట్టుకోవడానికే కదా.

ఏటి అవతలి ఒడ్డు ఇంకో లోకం. వరి మళ్లు, అరటి తోటలు, వాటి మధ్యనుంచి లేచిన గుండ్రాళ్ల కొండలు. హైదరాబాదు నుంచి రాయచూరు, సింధనూరు, గంగావతి మీదుగా కారులో వచ్చేవాళ్లకు ముందుగా తగిలేది ఈ వైపే. దారి పొడవునా ఊరి పేర్ల చివర ‘క్యాంపు’ కనిపిస్తుంది. తుంగభద్ర ఆనకట్ట కట్టాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న తెలుగు రైతుల ఊళ్లు అవి. ఆనెగుంది పాత ఊరు, విజయనగరం కంటే ముందే రాజధానిగా ఉన్న చోటు. పాత ఇళ్లను బాగుచేసి అద్దెకిస్తున్నారు. మట్టి గోడల ఆ ఇళ్లలో ఎండాకాలం కూడా రాత్రి నిద్ర పడుతుంది. 575 మెట్లు ఎక్కగలిగితే అంజనాద్రి మీదినుంచి కనిపించే దృశ్యానికి ఈ చుట్టుపక్కల పోటీ లేదు.

అయితే రెండు రాత్రులకు ఈ వైపు దిగమని సలహా ఇవ్వను. ప్రధానమైన శిథిలాలన్నీ ఏటికి దక్షిణాన ఉన్నాయి. పడవలు పగటిపూటే తిరుగుతాయి, వానాకాలంలో ఆనకట్ట నుంచి నీళ్లు వదిలితే అవీ ఆగిపోతాయి. అప్పుడు బుక్కసాగరం వంతెన మీదుగా పెద్ద చుట్టు తిరగాలి. నాలుగైదు రోజుల తీరిక ఉన్నవాళ్లకు, బండి నడపగలిగేవాళ్లకు ఈ ఒడ్డు. గుడికి ఎదురుగా ఏటి అవతల ఉన్న విరూపాపుర గడ్డెలో దిగమని పాత స్నేహితులెవరైనా చెబితే మర్యాదగా విని ఊరుకోండి. అవి అక్రమ కట్టడాలన్న సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2020లోనే అక్కడి విడుదులు పడగొట్టారు. ఆనెగుంది, సణాపూర్ వైపు కూడా ఇళ్లలో గదులిచ్చేవాళ్లను అనుమతుల గురించి అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి. బయలుదేరే ముందురోజు మళ్లీ ఫోను చేసి ఖాయం చేసుకోండి. 2025 మార్చిలో సణాపూర్ కాలువ దగ్గర రాత్రిపూట పర్యాటకుల మీద దాడి చేసి, అత్యాచారానికీ హత్యకూ పాల్పడిన దారుణం అందరూ విన్నదే. చీకటి పడ్డాక కాలువ గట్లకూ, చెరువు వైపుకూ వెళ్లనివ్వని ఇంటివాళ్లు దొరికితే విసుక్కోకండి, అలాంటివాళ్ల ఇంట్లోనే ఉండండి.

రెండు రాత్రుల్లో ఒక రాత్రి ఇక్కడ, ఒక రాత్రి అక్కడ అని పంచుకోవడం మావారికి ఇష్టమైన పథకం. నాకు అసలు నచ్చదు. గది ఖాళీ చేయడం, మళ్లీ దిగడం మంచి పొద్దును మింగేస్తాయి. దానికంటే మొదటిరోజు మధ్యాహ్నం మూడింటికి చేరేలా ప్రయాణం పెట్టుకోండి. ఎండలో చేసేది ఎలాగూ లేదు కాబట్టి రైల్లో ఉన్నా నష్టం లేదు. గదిలో సామాను పడేసి కృష్ణాలయం, లక్ష్మీనరసింహుడు, బడవిలింగం చూసుకుని వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. ఆ కృష్ణాలయం మన నెల్లూరు వైపు ఉదయగిరి గెలిచిన కృష్ణదేవరాయలు అక్కడినుంచి తెచ్చిన బాలకృష్ణుడి కోసం కట్టించినది. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది, గర్భగుడి ఖాళీ.

ఇదంతా మామూలు రోజుల లెక్క. డిసెంబరు చివరి వారం, సంక్రాంతి సెలవులు, హంపి ఉత్సవం రోజుల్లో ఊళ్లో గది నెల ముందు చూసుకోకపోతే దొరకదు. హొసపేటలో కూడా అడిగినంత ఇవ్వాల్సిందే. అలాంటి ఒక ఉత్సవానికి మేము బళ్లారిలో దిగి, 60 కిలోమీటర్లకు పైగా కారులో వెళ్లి వచ్చాం. రెండో రోజు పొద్దున ఎవరూ లేవలేదు.