నాబ్ మీద 180, లోపల 165: ఓటీజీని ఏళ్లతరబడి వాడాక

నాబ్ మీద 180 అని ఉన్నంత మాత్రాన ఓవెన్ లోపల 180 డిగ్రీలు ఉంటాయని నమ్మకూడదు. ఇది నా ఓవెన్‌కే ఉన్న లోపం కాదు. నాబ్ తిప్పే థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసే స్విచ్) ఉన్న చిన్న ఓవెన్లలో చాలావాటి తీరు ఇంతే. నేను వాడుతున్నది 2000 వాట్ల ఓటీజీ, అంటే ఓవెన్, టోస్టర్, గ్రిల్లర్ కలిసిన చిన్న కరెంటు ఓవెన్. పైన రెండు రాడ్లు, కింద రెండు రాడ్లు, పక్కన ఫ్యాన్. బ్రెడ్లు, కేకులు, కుకీలు అన్నీ ఇందులోనే. బేకింగ్‌కి మంచి ఓవెనే, కాకపోతే దాని గుణం మనం పట్టుకోవాలి.

థర్మోస్టాట్‌కి తెలిసినవి రెండే పనులు: రాడ్లను పూర్తిగా వెలిగించడం, పూర్తిగా ఆర్పేయడం. అందుకే వేడి నిలకడగా ఉండదు. నాబ్ 180 దగ్గర పెడితే నా ఓవెన్‌లో 150కీ 180కీ మధ్య ఊగుతూ ఉంటుంది, అంటే సగటున 165. అసలు 180 కావాలంటే నాబ్ 195 దగ్గర పెట్టాలి. మీ ఓవెన్ లెక్క తేల్చుకోవాలంటే, ఓవెన్ థర్మామీటరును టిన్ ఉండే ఎత్తులో, మధ్యలో వేలాడదీయండి. అరగంట ఆగి పై అంకె, కింది అంకె రెండూ రాసుకుని సగటు తీయండి. 140, 180, 220 మూడింటి దగ్గరా విడివిడిగా చూడాలి, తేడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. థర్మామీటరు లేకపోతే పంచదారతో ఒక మోటు పరీక్ష ఉంది. పంచదార 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఫాయిల్ మీద చెంచాడు పోసి 15 నిమిషాలు ఉంచితే 175 దగ్గర పలుకుగానే ఉండాలి, 195 దగ్గర కరగాలి. గట్టి లెక్క కాదు గానీ, పెద్ద తేడా ఉంటే బయటపడుతుంది.

రాడ్లు వెలుగుతున్నాయని చూపే లైటు ఆరగానే ప్రీహీట్ (ఓవెన్‌ని ముందుగా వేడి చేయడం) అయిపోయినట్టు కాదు. అప్పటికి గాలి మాత్రమే వేడెక్కుతుంది, గోడలు ఇంకా చల్లగానే ఉంటాయి. తలుపు తీయగానే ఆ గాలి కాస్తా బయటికి పోతుంది. లైటు రెండు మూడుసార్లు వెలిగి ఆరాకే టిన్ పెట్టాలి. వోల్టేజీ సంగతి కూడా చూసుకోవాలి. 230 నుంచి 200కి పడిందంటే 2000 వాట్ల ఓవెన్ 1500 వాట్లే ఇస్తుంది, ప్రీహీట్ సాగుతూనే ఉంటుంది. అలాంటి రోజు కేక్ పొంగలేదని బేకింగ్ పౌడర్‌ని తిట్టుకుని లాభం లేదు.

ఈ మధ్య ఎక్కువగా చేస్తున్నది పాల బ్రెడ్. మైదా 300 గ్రాములు, గోరువెచ్చని పాలు 195, పంచదార 30, వెన్న 30, ఉప్పు 5, ఇన్‌స్టంట్ ఈస్ట్ 4. టిన్‌లో పొంగిన పిండి ఓవెన్‌లో ఇంకో మూడు నాలుగు సెంటీమీటర్లు లేస్తుంది. పై రాడ్‌కి అంత దగ్గరైతే తల మాడిపోతుంది, నడుము పచ్చిగా ఉండిపోతుంది. అందుకే టిన్ అన్నిటికంటే కింది ర్యాక్ మీద పెట్టాలి. అసలు 180 దగ్గర 30 నుంచి 35 నిమిషాలు పడుతుంది. 20వ నిమిషానికి పైన రంగు పట్టేస్తుంది, అప్పుడు ఫాయిల్‌ని వదులుగా కప్పాలి. నడిమధ్యలో గుచ్చిన థర్మామీటరు 90 చూపిస్తే దించేయొచ్చు.

కేకులకు మాత్రం మొదటి 20 నిమిషాలు ఫ్యాన్ వేయకూడదు. పైపొర ముందే గట్టిపడిపోతుంది, లోపలి పిండి తర్వాత పొంగి దాన్ని చీల్చుకుని వస్తుంది. ఫ్యాన్ వైపు ఎత్తుగా, ఇవతల పల్లంగా కూడా తయారవుతుంది. ఫ్యాన్ వేసి చేసేవాటికి, అంటే కుకీల్లాంటివాటికి, 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించాలి. ఒకసారికి ఒక్క ట్రేనే పెట్టాలి. నల్ల టిన్ అయితే కేక్‌కీ ఇంకో పది డిగ్రీలు తగ్గించుకోవాలి, అంచులు త్వరగా మాడతాయి.

అందరూ థర్మోస్టాట్‌ని తిడతారు గానీ, నా లెక్కలో అసలు బలహీనత తలుపు. కొన్నాళ్లకు కీలు దగ్గర స్ప్రింగులు సాగి పైమూల దగ్గర సందు పడుతుంది. చల్లారిన ఓవెన్ తలుపులో సన్న కాగితం ముక్క పెట్టి మూసి లాగి చూడండి. సులువుగా జారి వస్తే అక్కడ వేడి పోతున్నట్టే. ముందు వరుస కుకీలు ఎప్పుడూ తెల్లగా ఉండిపోవడానికి ఒక కారణం ఇదే. స్ప్రింగులు మార్చేదాకా సగం సమయానికి ట్రే తిప్పి పెట్టడమే గతి. ఆవిరి కూడా నిలవదు కాబట్టి, పెళుసు పొర రావాల్సిన సోర్‌డో (సహజంగా పులియబెట్టిన పిండితో చేసేది) లాంటి బ్రెడ్లకు నీళ్ల ట్రే పెట్టినా పెద్దగా ఫలితం ఉండదు. వేడి గాజు మీద నీళ్లు చల్లితే అద్దం పగిలే ప్రమాదం కూడా ఉంది. మూతున్న బరువైన ఇనుప పాత్రను లోపలే పెట్టి బాగా కాల్చి, 230 దగ్గర మూత పెట్టి 20 నిమిషాలు, తీసేసి ఇంకో 20 నిమిషాలు కాల్చడం నయం. కొనేముందు మూతతో సహా ఎత్తు కొలుచుకోవాలి, చాలా పాత్రలు పై రాడ్‌కి తగులుతాయి.

టైమర్‌ని 10 నిమిషాల లోపు పెట్టాలంటే ముందు 20 దాకా తిప్పి వెనక్కి తేవాలి, లేకపోతే స్ప్రింగ్ సరిగా బిగుసుకోదు. పాతబడ్డాక చివరి నిమిషాల్లో ముల్లు మొరాయిస్తుంది, గంట మోగదు, రాడ్లు వెలుగుతూనే ఉంటాయి. పక్కన ఫోన్‌లో కూడా టైమర్ పెట్టుకోవడం తప్పనిసరి.

చాన్నాళ్లు వాడకుండా ఉంచి స్విచ్ వేయగానే ఇంటి కరెంటు మొత్తం ట్రిప్ అయితే, ముందు రాడ్లనే అనుమానించాలి. రాడ్ గొట్టంలో తీగ చుట్టూ ఉండే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి గాలిలో తేమ పీల్చుకుని కరెంటును కొద్దికొద్దిగా ఎర్త్‌కి వదులుతుంది. ట్రిప్పర్‌ని (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పక్కకు తప్పించి ఓవెన్ వేడి చేద్దామనుకోవద్దు, ఒళ్లు షాక్ కొట్టే పని అది. మామూలు మల్టీమీటరుకి ఈ లోపం చాలాసార్లు దొరకదు. ఇన్సులేషన్ టెస్టర్ (ఇలాంటి లీకును పట్టే పరికరం) ఉన్న మెకానిక్‌తో ప్లగ్ తీసేసి ఒక్కో రాడ్‌నీ విడిగా చూపించాలి. ఆరబెట్టాక కూడా మళ్లీ మళ్లీ ట్రిప్ అవుతుంటే కొసల దగ్గర సీలు పోయినట్టే. అదే పొడవు, అదే వాటేజీ ఉన్న రాడ్ వేయించాలి. ఓవెన్ మార్చాల్సిన పని లేదు.