వీడియో జాయినర్, లూపర్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు షాపులోనే ఈ పరీక్ష చేయించండి

విశాఖలో పెళ్లి వీడియోలు, గుడి ఉత్సవాలు, ఫంక్షన్ హాళ్లలో ఎల్‌ఈడీ వాల్ పనులు చేసేవాళ్లందరికీ ఈ హెచ్చరిక. "క్లిప్పులు జాయిన్ చేస్తుంది, ఒకే క్లిప్‌ని ఎంతసేపైనా మళ్లీ మళ్లీ తిప్పుతూ లూప్ చేస్తుంది, క్వాలిటీ రవ్వంత తగ్గదు, లైఫ్‌టైమ్ లైసెన్స్" అంటూ రూ.2,499కి పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తున్న సాఫ్ట్‌వేర్ ఒకటి నగరంలో తిరుగుతోంది. వాడి చూశాకే చెబుతున్నాం, తీసుకోకండి.

రీ-ఎన్‌కోడ్ చేయకుండా, అంటే వీడియోని మళ్లీ కుదించి రాయకుండా, క్లిప్పులు అతికించడం సాధ్యమే. కానీ అన్నీ ఒకే కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి), ఒకే రిజల్యూషన్, ఒకే ఆడియో శాంపిల్ రేటులో (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచారో ఆ లెక్క) ఉండాలి. మన పనిలో అలా ఎక్కడ దొరుకుతాయి? కెమెరా ఫుటేజ్ సెకనుకి 25 ఫ్రేములు, 48 కిలోహెర్ట్జ్ ఆడియో. పెళ్లికూతురి అన్నయ్య ఫోన్లో తీసింది హెచ్‌ఈవీసీ అనే కోడెక్, 30 ఫ్రేములు, అదీ వెలుతురును బట్టి మారుతూ ఉంటుంది. ఇంకో ముక్క ఆడియో 44.1లో ఉంటుంది. ఇవన్నీ కలిపి ఇస్తే ఈ సాఫ్ట్‌వేర్ ఒక్క హెచ్చరిక కూడా చూపించదు.

ఒక్కోసారి ఉన్నవి ఉన్నట్టే అతికించేస్తుంది. అప్పుడు ఫైల్ హెడర్‌లో మొదటి క్లిప్ వివరాలే ఉంటాయి కాబట్టి, 44.1లో రికార్డైన సౌండ్‌ని ప్లేయర్ 48 అనుకుని దాదాపు 9 శాతం వేగంగా వినిపిస్తుంది. నాదస్వరం శ్రుతి ఒకటిన్నర స్వరస్థానం పైకి లేస్తుంది. పంతులుగారి పెదవులకీ మంత్రానికీ పొంతన ఉండదు.

ఒక్కోసారి చెప్పకుండా రీ-ఎన్‌కోడ్ చేసేస్తుంది. 24 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌లో (సెకనుకి 24 మెగాబిట్లు) ఉన్న 412 ఎంబీ క్లిప్పులు ఇస్తే బయటికొచ్చింది 138 ఎంబీ, అంటే బిట్‌రేట్ మూడో వంతుకి పడిపోయింది. తలంబ్రాల షాట్ దగ్గర ఆపి చూడండి: విడివిడిగా రాలాల్సిన బియ్యం గింజలు ఒక పసుపు మరకలా ముద్దకట్టి ఉంటాయి. జరీ అంచు గళ్లుగళ్లుగా విరుగుతుంది. కస్టమర్ ఇరవై ఏళ్లు దాచుకునే వీడియో అది.

లూప్ ఇంకా ఘోరం. ఆర్కే బీచ్ అలల 20 సెకన్ల క్లిప్ ఇస్తే, చివరని తీసుకెళ్లి మొదటికి అంటించడం తప్ప ఏమీ చేయదు. ఒడ్డుకొచ్చిన అల చటుక్కున మాయమై మళ్లీ సముద్రంలో మొదలవుతుంది. ఆ అతుకు దగ్గర "టప్" మని శబ్దం కూడా. వీడియోల్లో మామూలుగా వాడే ఏఏసీ ఆడియో 1,024 శాంపిళ్ల ప్యాకెట్లుగా ఉంటుంది. 48 కిలోహెర్ట్జ్‌లో 20 సెకన్లకి లెక్కకడితే 937.5 ప్యాకెట్లు. సగం ప్యాకెట్ ఉండదు కాబట్టి 938 అవుతుంది, ఆడియో దాదాపు 11 మిల్లీసెకన్లు ఎక్కువొస్తుంది. సరిచేయకుండా అతికిస్తూ పోతే గంటలో 180 చుట్లకి తేడా రెండు సెకన్ల దాకా పెరుగుతుంది.

దీనికి పైసా ఖర్చు లేని పద్ధతి ఉంది. ఉచితంగా దొరికే షాట్‌కట్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ 20 సెకన్ల క్లిప్‌ని సరిగ్గా నడిమికి కోయండి. రెండో సగాన్ని ముందు, మొదటి సగాన్ని వెనక పెట్టండి. కలిసేచోట ఒకదాని మీదికి ఒకటి ఒక సెకను జరిపితే డిజాల్వ్ (ఒక దృశ్యం కరుగుతూ ఇంకోదానిలోకి మారడం) దానంతట అదే వస్తుంది. ఇప్పుడు 19 సెకన్ల క్లిప్ తయారైంది. దీని చివరి ఫ్రేమూ మొదటి ఫ్రేమూ అసలు క్లిప్‌లో పక్కపక్కన ఉన్నవే కాబట్టి లూప్ అతుకు కంటికి ఆనదు. ఆడియో తీసేసి ఎక్స్‌పోర్ట్ చేయండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత కమాండ్ టూల్‌లో స్ట్రీమ్ లూప్ ఆప్షన్‌కి 189 ఇచ్చి, కోడెక్ దగ్గర కాపీ అని పెడితే గంట దాటి వస్తుంది. ఆ అంకె మొదటిసారి కాక అదనంగా ఎన్నిసార్లో చెబుతుంది, చాలామంది పొరబడేది ఇక్కడే. అలల హోరు విడిగా ఒకే పొడవాటి ట్రాక్‌గా కింద పరవండి. హాల్లో పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు. 8 ఎంబీపీఎస్‌లో గంటకి 3.6 జీబీ అవుతుంది, సరిపోతుంది.

ఆ రూ.2,499 సరుకు లోపల ఉన్నదీ ఎఫ్ఎఫ్ఎంపెగ్గే. బయటికొచ్చిన ఫైల్‌ని, ఫైల్ వివరాలు చూపే మీడియాఇన్ఫోలో తెరిస్తే రైటింగ్ అప్లికేషన్ దగ్గర ఎఫ్ఎఫ్ఎంపెగ్ గుర్తైన ఎల్-ఏ-వీ-ఎఫ్ అనే అక్షరాలు కనిపిస్తాయి. దానికో తొడుగు వేసి అమ్ముకోవడం తప్పు కాదు, షరతులు పాటిస్తే దాని లైసెన్స్ ఒప్పుకుంటుంది. క్వాలిటీ తగ్గదని అబద్ధం చెప్పడం తప్పు. ఇన్‌స్టాల్ చేసేముందు వైరస్‌ని అడ్డుకునే విండోస్ డిఫెండర్ ఆపమంటారు, అక్కడే లేచి వచ్చేయండి. విండోస్ ఫార్మాట్ చేశాక అదే కీ కొడితే "ఇప్పటికే వాడేశారు" అంటుంది. లైఫ్‌టైమ్ అంటే ఆ ఇన్‌స్టలేషన్ ఉన్నంతవరకేనట!

అయినా ఇలాంటిదేదైనా కొనాలనుకుంటే కెమెరా క్లిప్ ఒకటి, ఫోన్ క్లిప్ ఒకటి, 44.1 ఆడియో ఉన్నది ఒకటి పట్టుకెళ్లి షాపులోనే జాయిన్ చేయించండి. మూడు ఫైళ్ల సైజు కూడుకుని, వచ్చినదానితో పోల్చండి. చివరి క్లిప్‌లో మాట్లాడేవాళ్ల పెదవులు చూడండి. పది నిమిషాలు చాలు. జీఎస్టీ బిల్లు మీద "రీ-ఎన్‌కోడ్ లేకుండా జాయిన్" అని రాయమనండి, రాయనంటే కొనొద్దు.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ముందు యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి, తెలియని మ్యాండేట్ (ఖాతాలోంచి డబ్బు దానంతట అదే కోసుకునే అనుమతి) ఏదైనా ఉంటే రద్దు చేయండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు. బిల్లుతో పాటు అసలు క్లిప్పులు, జాయినైన ఫైలు, రెండింటి మీడియాఇన్ఫో రిపోర్టు ఒకే పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఉంచండి. ఆ ఫైళ్లని వాట్సాప్‌లో వీడియోగా మాత్రం పంపకండి, అది మళ్లీ కుదించేసి ఉన్న సాక్ష్యాన్ని చెరిపేస్తుంది.