అన్నయ్యకు రాసిన ఉత్తరం, గ్రాంప్స్ సాఫ్ట్‌వేర్: వాడి చూశాక నా రివ్యూ

వంశవృక్షం వేసిపెట్టే సాఫ్ట్‌వేర్లకు కొదవ లేదు. చాలావాటిలో తెరవగానే మీ పేరు, అమ్మ పేరు, నాన్న పేరు అడుగుతారు. నాలుగు క్లిక్కుల్లో కొమ్మలూ రెమ్మలూ గీసి చూపిస్తారు. బాగానే ఉంటుంది. కానీ నా దగ్గరున్నది పేర్ల జాబితా కాదు, ఒక ఉత్తరం. మా తాతయ్యకు తమ్ముడి వరసయ్యే ఒకాయన "అన్నయ్యకు నమస్కారములు" అంటూ రాసింది. ఆయన తాతయ్యకు సొంత తమ్ముడు కాదని ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నాన్న కొడుకా, పిన్ని కొడుకా అంటే మాత్రం ఎవరి మాట వాళ్లదే. ఉత్తరం మీద సంవత్సరం లేదు. కింద సంతకం ముద్దుపేరుతో ఉంది. ఇలాంటి కాగితం పట్టుకుని కూర్చున్నవాళ్లకు గ్రాంప్స్ ఎంతవరకు పనికొస్తుందో చెప్పడానికే ఈ రివ్యూ.

గ్రాంప్స్ 2001లో మొదలైన ఓపెన్ సోర్స్ (అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే) వంశవృక్షం ప్రోగ్రాం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు, వాలంటీర్లు నడుపుతున్నారు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా పనిచేస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, అకౌంట్ తెరవక్కర్లేదు, ఎక్కించిందంతా మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. పేర్లు, ఊళ్లు, నోట్సు తెలుగులోనే టైప్ చేసుకోవచ్చు. ఫోన్‌లో బస్సులో కూర్చుని చేసుకుందాం అనుకునేవాళ్లకు ఇది సరిపడదు. టేబుల్ ముందు కూర్చుని తీరిగ్గా చేసే పని.

నేను అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. వోచర్ లేకుండా ఎంట్రీ వేస్తే ఊరుకునే రకం కాదు. గ్రాంప్స్ నాకు నచ్చడానికి అసలు కారణం అదే. ఇందులో ప్రతి పుట్టుకకీ, చావుకీ, పెళ్లికీ పక్కన "ఇది మీకెలా తెలుసు?" అని రాసుకునే చోటు ఉంటుంది. ఉత్తరాన్ని ఒకే ఒక్కసారి సోర్స్‌గా, అంటే ఆధారంగా, ఎక్కిస్తాం. అది ఎవరి దగ్గర ఉందో రిపాజిటరీలో రాస్తాం. నా విషయంలో అది మా పెద్దత్త బీరువా. ఆ తర్వాత ఉత్తరంలో ఏ మాట నుంచి ఏ సంగతి తెలిసిందో ఒక్కోదానికీ ఒక సైటేషన్: "రెండో పేజీ, ఎడమ మార్జిన్", "కవరు వెనక" ఇలా. సైటేషన్‌కి నమ్మకం స్థాయి కూడా ఇవ్వాలి. వెరీ లో నుంచి వెరీ హై వరకు ఐదు మెట్లున్నాయి. తన తల్లి పోయిన సంగతి ఉత్తరం రాసినాయన స్వయంగా చెప్పాడు కాబట్టి దానికి హై. అదే ఉత్తరంలో "ఫలానావారి అమ్మాయికి సంబంధం కుదిరిందని విన్నాను" అని ఒక మాట ఉంది. అది విన్నమాట, అందుకని లో. ఒకే కాగితం, ఒకే చేతిరాత, అయినా రెండు వాక్యాలకూ ఒకే విలువ లేదు. ఈ తేడా పట్టించుకునే సాఫ్ట్‌వేర్ నాకు మరొకటి తగల్లేదు. బహుశా నేను చూసినవే తక్కువేమో.

ఉత్తరం మొత్తాన్ని ఎలా ఉన్నది అలాగే టైప్ చేసి నోట్‌గా పెట్టుకోవచ్చు. నోట్ రకాల్లో ట్రాన్‌స్క్రిప్ట్ అని ప్రత్యేకంగా ఒకటి ఉంది. దయచేసి ఈ పని దాటేయకండి. స్కాన్ చూస్తూ చదివితే కన్ను తెలిసిన మాటల మీద నుంచి జారిపోతుంది. టైప్ చేసేటప్పుడు ప్రతి అక్షరం దగ్గరా ఆగాలి. కాగితం అయిపోయాక దాన్ని అడ్డంగా తిప్పి మార్జిన్‌లో ఇరికించి రాసిన రెండు లైన్లు మా ఇంట్లో ఎవరూ సరిగా చదవనేలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది. దాని దగ్గరికి వస్తాను.

ముందు తేదీ. ఉత్తరం పైన 12 సెప్టెంబర్ అని మాత్రమే ఉంది. కవరు మీద పోస్టాఫీసు ముద్రలో సంవత్సరానికి వేసిన రెండంకెల్లో మొదటిది 5 అని తెలుస్తోంది, రెండోదాని మీద సిరా అలికేసింది. గ్రాంప్స్ తేదీ గడిలో ఖచ్చితమైన రోజే వెయ్యాలని లేదు. ఇంగ్లీష్‌లో "బిట్వీన్ 1950 అండ్ 1959" అని కొడితే అర్థం చేసుకుంటుంది. "ఫ్రమ్ 1950 టు 1959" అంటే దానికి వేరే అర్థం: మొదటిది ఆ మధ్యలో ఎప్పుడో ఒకసారి జరిగింది, రెండోది ఆ కాలమంతా జరిగింది. ఉత్తరానికి మొదటిది, ఉద్యోగానికో కాపురానికో రెండోది. "బిఫోర్", "ఆఫ్టర్", "అబౌట్" కూడా పనిచేస్తాయి. పైగా ఆ తేదీ అంచనా వేసిందా, లెక్కగట్టిందా అన్నది కూడా విడిగా గుర్తు పెట్టుకోవచ్చు.

ఇక ఉత్తరంలో ఒక వాక్యం: "మీ చిన్నదానికి నడక వచ్చిందని తెలిసి చాలా సంతోషించినాము." తాతయ్యకు ఇద్దరు కూతుళ్లు. పెద్దత్త పుట్టింది 1948లో, ఆవిడ నడిచేనాటికి యాభైలు రాలేదు కాబట్టి ముద్రలోని 5తో కుదరదు. చిన్నత్త బర్త్ సర్టిఫికెట్‌లో 1953 జూన్ అని ఉంది. 1953 సెప్టెంబర్‌కి మూడు నెలల పిల్ల, 1955 సెప్టెంబర్‌కి రెండేళ్లు దాటిన పిల్ల. నడక వచ్చిందని సంబరపడి రాయాలంటే మిగిలింది 1954 ఒక్కటే. ఆ తేదీని ఎస్టిమేటెడ్ అని వేశాను. లెక్క ఎలా కట్టానో రీసెర్చ్ నోట్‌లో రాసి, చిన్నత్త సర్టిఫికెట్‌కీ ఒక సైటేషన్ తగిలించాను. దాంతో ఇంకోటి కదిలింది. "అమ్మ పోయి ఏడాది కావస్తున్నది" అని అదే ఉత్తరంలో ఉంది కదా, అంటే ఆవిడ పోయింది సుమారు 1953. ఆవిడ పేరే తెలియదు, అయినా ఆవిడకు ఒక సంవత్సరం దొరికింది.

ఇప్పుడు వరస సంగతి. కజిన్ల విషయంలో ఈ సాఫ్ట్‌వేర్ ఎలా ఆలోచిస్తుందో ముందే తెలుసుకోకపోతే తల పట్టుకుంటారు. గ్రాంప్స్‌లో ఇద్దరిని నేరుగా "కజిన్లు" అని కలిపే గీత లేదు. దానికి తెలిసినవి రెండే: దంపతులు, వాళ్ల పిల్లలు. కజిన్లు కావాలంటే వాళ్ల తల్లిదండ్రులు కావాలి, ఆ తల్లిదండ్రులను కన్నవాళ్లు కావాలి, అప్పుడు వరస దానంతటదే తేలుతుంది. ఉత్తరం చూస్తే ఇచ్చింది రెండు కొసలే, మధ్యలో ఉండాల్సిన మనుషులందరూ ఖాళీ. చిన్నాన్న కొడుకు అనుకుంటే ఒక చెట్టు, పిన్ని కొడుకు అనుకుంటే ఇంకో చెట్టు.

తేలేదాకా ఏం చెయ్యాలంటే, ఒక్కో మనిషి పేజీలో అసోసియేషన్స్ అని ఒక ట్యాబ్ ఉంటుంది. అక్కడ "తమ్ముడి వరస, ఏ వైపో తెలియదు" అని మన మాటల్లోనే రాసి సైటేషన్ తగిలించవచ్చు. చెట్టు బొమ్మలో ఈ బంధం కనిపించదు. కొంతమందికి ఇది లోపంగా తోస్తుంది. నాకైతే అలా ఉండటమే సబబు. గీత పడిందంటే అది రుజువైనట్టే చూసేవాళ్లు అనుకుంటారు. మా తాతయ్య పేరు అందరూ కలిసి నింపే ఒక ఆన్‌లైన్ వంశవృక్షం సైట్‌లో ఉంది. అదే పేరున్న ఇంకెవరి తల్లిదండ్రులనో తెచ్చి ఎవరో ఆయనకు అంటగట్టారు. ఆధారం గడి ఖాళీ. దాన్ని చూసి మరో ఇద్దరు కాపీ చేసుకున్నారు. రాసి అడిగితే "మా దగ్గర అలాగే ఉంది" అని జవాబు! అప్పట్నుంచి ఖాళీగా ఉన్న గడిని చూస్తే నాకు గౌరవం.

మార్జిన్‌లో లైన్లన్నాను కదా. అడ్డంగా, సన్నగా ఇలా ఉంది: "నాయనమ్మ ఒక్కసారి వచ్చి కనపడి పొమ్మని నీకు మరీ మరీ చెప్పమన్నది." ఆ పెద్దావిడ పిన్ని తరఫు మనిషి అయితే రాసేవాడు అమ్మమ్మ అనేవాడు. ఇద్దరికీ చెప్పకుండానే తెలిసే నాయనమ్మ అంటే ఇద్దరి తండ్రులూ అన్నదమ్ములే. నాకు తోచిన అర్థం ఇది. రాసినాయన తన సొంత నాయనమ్మ గురించే చెప్పి ఉండటానికి సన్నని అవకాశం ఉంది కాబట్టి నమ్మకం హై దగ్గరే ఆపాను, వెరీ హై ఇవ్వలేదు. అప్పుడు పేరు లేని నాయనమ్మను ఒక మనిషిగా చేర్చి, ఆవిడ కింద ఇద్దరు కొడుకులను పెట్టాను. పేరు లేకపోయినా గ్రాంప్స్ అభ్యంతరం చెప్పదు. పేరు ఉండాల్సిన చోట బ్రాకెట్లలో "మిస్సింగ్" అని చూపించి, ప్రతి మనిషికీ ఒక నంబరు ఇస్తుంది. పేరు లేనివాళ్లు ఎక్కువైతే ఎవరెవరో తెలిసేది ఆ నంబరుతోనే.

ఇంతా చేశాక రిలేషన్‌షిప్ కాలిక్యులేటర్‌లో ఆయన్నీ నన్నూ పెడితే "ఫస్ట్ కజిన్ ట్వైస్ రిమూవ్డ్" అంది, అంటే రెండు తరాల ఎడమున్న కజిన్. చిన్నతాత అనడానికి ఇంత తతంగం.

ముద్దుపేరుకు విడిగా గడి ఉంది. ఒకే మనిషికి ఎన్ని పేర్లయినా చేర్చి, ఒక్కోదానికీ వేరే ఆధారం పెట్టుకోవచ్చు. అసలు పేరు రేపు ఇంకో కాగితంలో దొరికినా పాతది చెరపక్కర్లేదు. చార్టులు, విసనకర్ర ఆకారంలో వచ్చే చెట్టు బొమ్మలు, రిపోర్టులు బోలెడు ఉన్నాయి. నేను పెద్దగా వాడలేదు. "వెరిఫై ది డేటా" అనే పనిముట్టు మాత్రం మంచిది. పిల్ల పుట్టేనాటికి తల్లి వయసు అసాధ్యంగా ఉన్నా, చనిపోయాక పెళ్లయినట్టు ఉన్నా ఎత్తి చూపిస్తుంది. తేదీలు లెక్కగట్టి వేసేవాళ్లు అప్పుడప్పుడూ దాన్ని నడపాలి.

ఇబ్బందులు కూడా చెప్పాలి. మొదటిసారి తెరిస్తే టెన్షన్ వస్తుంది. ఎడమ పక్కన వరసగా బటన్లు, ఒక విండోలోంచి ఇంకో విండో, దాంట్లోంచి మరొకటి. సోర్స్‌కీ సైటేషన్‌కీ తేడా ఒంటబట్టేదాకా అయోమయంగానే ఉంటుంది. ప్రతి సంగతికీ ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ కొత్త సోర్స్‌గా చేర్చారంటే జాబితా నిండా ఒకే ఉత్తరం కనిపిస్తుంది. ఒకసారి చేర్చి, సైటేషన్‌ని క్లిప్‌బోర్డ్ మీదకి లాగి పెట్టుకుంటే కావలసిన చోటల్లా దించుకోవచ్చు. ముందు నమూనాగా ఇచ్చే ఎగ్జాంపుల్ ట్రీ తెరిచి అందులో చెయ్యి తిప్పుకోండి, మీ వాళ్ల పేర్లు తర్వాత.

స్కాన్‌ల విషయం ఇంకా ముఖ్యం. గ్రాంప్స్ బొమ్మను తనలో దాచుకోదు, అది ఏ ఫోల్డర్‌లో ఉందో మాత్రమే గుర్తుంచుకుంటుంది. ఫోల్డర్ పేరు మార్చినా, చోటు మార్చినా లింకు తెగుతుంది. మీడియా మేనేజర్‌తో బాగుచేసుకోవచ్చు గానీ, మొదట్నుంచీ ఒకే ఫోల్డర్ పెట్టుకుని ప్రిఫరెన్సెస్‌లో దాన్ని చెప్పేస్తే గొడవ ఉండదు. బ్యాకప్ తీసేటప్పుడు బొమ్మలతో సహా కావాలంటే "గ్రాంప్స్ ప్యాకేజ్" ఎంచుకోవాలి. మామూలు ఎక్స్‌ఎంఎల్ బ్యాకప్‌లో రాత ఉంటుంది, బొమ్మలుండవు.

ఉత్తరంలో ఒక అప్పు గొడవ కూడా ఉంది. ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో, ఏమని తిట్టుకున్నారో అంతా వివరంగా. అలాంటి నోట్ మీద తాళం గుర్తు నొక్కితే అది ప్రైవేట్ అవుతుంది. బయటికి పంపే ఫైల్‌లోకి పోకుండా ఎక్స్‌పోర్ట్‌లో ఆపవచ్చు. బతికున్నవాళ్ల వివరాలు తీసేసి పంపే వీలూ ఉంది. బంధువులు వేరే ప్రోగ్రాం వాడుతుంటే జెడ్‌కామ్ ఫైల్ పంపాలి. 1984లో వచ్చిన పద్ధతే అయినా ఇప్పటికీ అందరికీ అర్థమయ్యేది అదే. కాకపోతే గ్రాంప్స్‌లో ఉన్నవన్నీ అందులో ఇమడవు కాబట్టి దాన్నే మీ బ్యాకప్ అనుకోకండి. బొమ్మలు ఎలాగూ అందులో వెళ్లవు. ఉత్తరం రెండు పేజీలూ, కవరు రెండు వైపులా స్కాన్ చేసి విడిగా మెయిల్ చేసేయండి.